కిటికీ రెక్కతో చేసిన నల్లబల్ల

“మామ్మా, ఆ సెక్క పొయ్యిలో పెట్టీ. ఫోన్లో ఆర్డరెడితే ఎల్లుండికి తయారు బల్లే ఇంటికొచ్చేస్తాది.”

“డబ్బులు సెట్టుకి కాస్తన్నాయేటే? ఇది టేకు. ఇన్నేళ్ళయినా సీడ పట్టనేదు.”

“పోనీ, నల్లరంగు డబ్బా అయినా కొననీ.”

“ఇంట్లో బొగ్గులుండగా రంగేటి?”

“బొగ్గు పూస్తే సుద్ద నిలుస్తాదా?”

“నిలవకపోతే నీకు నచ్చిందే కొనుక్కో. నేను నోరెత్తను.”

మా వంటింటి గుమ్మంలో నాకూ నా మనవరాలికీ జరిగిన గొడవ ఇది. దానికి కాలేజీ సెలవులు. వంటింటి గోడకి నల్లబల్ల తగిలించి, చుట్టూ ముగ్గు వేసి, రోజూ ఏ కూర వండుతామో రాయాలని దాని ముచ్చట. ఆ చెక్క మా పాత ఇంటి కిటికీ రెక్క. ఇల్లు విప్పినప్పుడు తెచ్చి మంచం కింద పెట్టాను. ఇంట్లో ఉన్నది వదిలి బజారుకి పోవడం నా ఒంటికి పడదు.

బొగ్గుపొడిలో కలిపే పసరు కోసం దొండాకు కోసుకొచ్చి రోట్లో దంచాను. మనవరాలు మూతి ముడుచుకునే బొగ్గుపొడిని పాత చీరముక్కలో జల్లించింది.

“ఈ పని నీకెవులు నేర్పారు మామ్మా?”

“బళ్ళో నేర్సుకున్నాను,” అని చెప్పాను. అక్కడితో ఆపేయాల్సింది. కానీ ఆ పసరు వాసన ఊరుకోనివ్వలేదు.

నేను చదివింది మూడో తరగతి దాకానే. మా బళ్ళో నల్లబల్ల వెలిసిపోతే శనివారం సాయంత్రం ఆడపిల్లల చేత పసరూ బొగ్గూ పూయించేవారు. పూసిన పిల్ల సోమవారం పొద్దున్న ఆ కొత్త నలుపు మీద వారం పేరు రాయాలి. అది మాష్టారు పెట్టిన పద్ధతి. నా వంతు వచ్చిన శనివారం మోచేతుల దాకా నల్లగా చేసుకుని, గెంతుకుంటూ ఇంటికెళ్ళాను. ఆదివారం మా అయ్య, “రేపట్నుంచి వరి ఉడుపులు. సంటోడిని సూసేవోలు నేరు. నువ్వు బడికెల్లకు,” అన్నాడు. ఉడుపులయ్యాయి, కోతలయ్యాయి. మళ్ళీ నన్ను బడికి పంపలేదు. నేను పూసిన బల్ల మీద ఎవరు రాశారో నాకిప్పటికీ తెలీదు.

మనవరాలు జల్లించిన పొడి నా ముందు పెట్టింది.

మొదటి పూత పూశాక, తొందరగా ఆరుతుందని అది రెక్కను పట్టుకెళ్ళి డాబా మీద ఎండలో పెట్టింది. మధ్యాహ్నానికి నలుపంతా పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. మా కోడలికి అదే కావాలి.

“అత్తా, నీల్లపొయ్యి మండుతున్నాది. సెక్క తెచ్చీమంటావేటి?”

“ముందు నీ నోట్లో పెట్టుకో ఆ సెక్క!” అన్నాను.

పీచుతో గీకి, కడిగి, మళ్ళీ పూశాం. ఈసారి నీడలో. ఒక పూత ఆరాక ఇంకొకటి, అలా మూడు. ఆదివారం సాయంత్రానికి చెయ్యి పెడితే నలుపు అంటలేదు. సుద్దను అడ్డంగా పట్టుకుని బల్లంతా రుద్ది, పొడిగుడ్డతో తుడిచేశాను. అలా చేస్తే తర్వాత రాసింది మరక కట్టదు. మనవరాలు అంచుల చుట్టూ సున్నంతో తీగముగ్గు వేసింది. చెయ్యి తిన్నగానే తిరిగింది. ఆ మాట దానితో అనలేదు. మేకు కొట్టి తగిలించాం. మనవరాలు సుద్ద తియ్యబోతే, “ఈ రేత్తిరి ఆరనీ,” అన్నాను.

మర్నాడు సోమవారం. నేను లేచి వచ్చేసరికి బల్ల ఖాళీగానే ఉంది. దాని కింద పీట వేసి ఉంది, పీట మీద కొత్త సుద్దముక్క. మనవరాలు నా వైపు చూడకుండా పాలు కాస్తోంది.

పీట ఎక్కి ‘సోమవారం’ అని రాశాను. సుద్ద నిలిచింది. అక్షరాలు పెద్దవైపోయి కూర పేరుకి చోటు మిగల్లేదు.

“కూర నోటితో సెప్పీ మామ్మా,” అంది.

“వంకాయ,” అని చెప్పి, పీట దిగి కత్తిపీట ముందు కూర్చున్నాను.