గేటు ముందు కూర్చున్న అక్క

జుట్టు నెరిసిన ఆ బస్సు డ్రైవరు, అక్కను తన ఇంటికి తీసుకుపోదామని బయలుదేరాడు. పెళ్లీ గిళ్లీ వద్దని ఆమె కన్యాస్త్రీల మఠంలో చేరిన నాటి నుంచి అతని మనసులో ముల్లు గుచ్చుకునే ఉంది. "లోకానికి భయపడి నాలుగు గోడల మధ్య దాక్కుంది" అని అందరితోనూ అనేవాడు. అనడా మరి? బల్లి కనబడితే మంచమెక్కి కేకలు పెట్టే మనిషి. కుక్క మొరిగితే తమ్ముడి చొక్కా పట్టుకుని నడిచే మనిషి. ఇప్పుడు మోకాళ్లు అరిగాయి, బడిలో ఉద్యోగమూ అయిపోయింది. ఇక మా ఇంట్లో పిల్లల మధ్య ఉండు అని చెబుదామని వచ్చాడు. మఠం వాళ్లు ఒప్పుకుంటారా అన్న ఆలోచనే అతనికి రాలేదు.

తలుపు తీసిన వంటావిడ, "సిస్టరమ్మ బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గరున్నారు బాబూ. పొద్దున పోయిన మనిషి, పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు" అంది.

"ఫ్యాక్టరీలో ఆమెకేం పని?"

వంటావిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంతా చెప్పింది. అక్క పగలు బడిలో లెక్కలు చెప్పిన రోజుల నుంచే, సాయంత్రం ఫ్యాక్టరీ ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుతోంది. ఆ మధ్య ఒకావిడ చేతికి కట్టుతో వచ్చి సుద్దముక్క పట్టుకోలేకపోయింది. గుచ్చి గుచ్చి అడిగితే విషయం బయటపడింది. బట్టపీలికల గదిలో నిప్పు అంటుకుందట. బయటికి ఉరికినవాళ్లకు తలుపుకు వేసిన తాళం అడ్డమొచ్చిందట. పని వేళల్లో ఎవరూ బయటికి పోకూడదని యజమాని వేయించే తాళం అది. ఎలాగో నిప్పు ఆర్పుకున్నారు గానీ, తాళం మాత్రం అలాగే ఉంది. అక్క చెప్పులరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగింది. చూద్దాం, చేద్దాం అన్నవాళ్లే గానీ కదిలినవాడు లేడు.

తమ్ముడు గబగబా నడిచాడు. గేటు దగ్గరికి రాగానే చూశాడు. సరుకుతో బయటికి రావాల్సిన లారీకి అడ్డంగా, గోనెపట్టా మీద, అక్క కూర్చుని ఉంది. బంపరుకూ ఆమె తలకూ మధ్య జానెడు సందు కూడా లేదు. లారీ వాడు చెవులు చిల్లులు పడేలా హారను కొడుతున్నాడు.

"ఒరేయ్, మనిషి కనబడట్లేదా? దిగు కిందకి!" అని తమ్ముడు అరిచాడు.

అక్క తలెత్తి నవ్వింది. "బుడ్డోడా, ఎప్పుడొచ్చావు? వాణ్ణేమీ అనకు. వాడి పని వాడు చేస్తున్నాడు."

అంతలో పోలీసు జీపు ఆగింది. దిగిన ఇన్‌స్పెక్టరమ్మ ఒకప్పుడు అక్క దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లే. లాఠీ జీపులోనే వదిలి దగ్గరికి వచ్చింది.

"లేవండి సిస్టర్. కంప్లయింటు వచ్చింది. నాకు తప్పదు."

"అరెస్టు చెయ్యాలంటే చెయ్యమ్మా, వస్తాను. ముందు లోపలి తలుపుకున్న తాళం ఒక్కసారి చూసిరా."

ఇన్‌స్పెక్టరమ్మ లోపలికి వెళ్లింది. తమ్ముడూ ఆమె వెంట నడిచాడు. ఇనుప తలుపుకు అరచేయంత తాళం. దాని వెనక కుట్టుమిషన్ల హోరు, ఆడవాళ్ల దగ్గులు.

"తాళంచెవి ఏదీ?" అని ఇన్‌స్పెక్టరమ్మ అడిగింది.

కాపలాదారు తల గోక్కున్నాడు. "మేనేజరు గారి జేబులో ఉందండీ. ఆయన భోజనానికి ఇంటికెళ్లారు."

ఇన్‌స్పెక్టరమ్మ మొహం కందగడ్డయింది.

"పగలగొట్టండి" అంది.

తాళం ఊడింది. వెలుతురుకు కళ్లు చికిలిస్తూ ఆడవాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. ఇళ్లకు పరిగెత్తుతారనుకున్నాడు తమ్ముడు. ఎవరూ పోలేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే అక్క వెనక మట్టిలో కూర్చున్నారు. ఒక్క నినాదం లేదు. లారీ వాడు ఇంజను ఆపేసి, దిగి, తలకున్న తువ్వాలు తీసి చేత పట్టుకున్నాడు. చిన్నప్పుడు తన చొక్కా పట్టుకుని నడిచిన మనిషి ఈమేనా అనుకున్నాడు తమ్ముడు.

సందు దొరకగానే పక్కన చతికిలబడి, "నీకు భయం వెయ్యలేదా అక్కా?" అని అడిగాడు.

"వెయ్యకేం? కాళ్లు గజగజ వణికాయిరా. అందుకేగా కూర్చున్నాను!"

ఇంటికి రమ్మనే మాట అతని నోట ఇక రాలేదు.

యజమాని ఊరుకోలేదు, అక్క మీద కేసు పెట్టాడు. ప్రతి వాయిదాకూ ఆమె కోర్టు మెట్లు కుంటుతూ ఎక్కేది. పిలుపు వచ్చేదాకా వరండాలో ఫ్యాక్టరీ ఆడవాళ్లకు పాఠం చెప్పేది. తమ్ముడు సెలవు పెట్టి ప్రతిసారీ వచ్చేవాడు. చివరికి కేసు కొట్టేశారు, పని వేళల్లో తలుపులు తెరిచే ఉండాలన్నారు. ఆ తీర్పును ఒక కుట్టుపని ఆవిడ వరండాలో నిలబడి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది. పెద్ద మాటల దగ్గర తడబడి ఆగిపోయింది. తమ్ముడు అందించబోతే అక్క అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండరా. తనే చదువుతుంది."