తేదీ మారని కంప్యూటర్

పాలు విరిగాయేమోనని రెండుసార్లు వాసన చూసే మనిషిని నేను. పాప కాస్త ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తాను. అలాంటి నా చేతిలో, రోజూ అబద్ధం చెబితే తప్ప పనిచెయ్యని కంప్యూటర్ ఒకటి పడింది.

బండారులంకలో మా ముందుగదిలో ఉంటుందది. మావారు చీరలు నేయించి అమలాపురం, రాజమండ్రి షాపులకి వేస్తారు. అంచులు నేను గీస్తాను. డిగ్రీలో కంప్యూటర్లు చదివేనని, పాప పుట్టేక నన్ను ఉద్యోగానికి పంపే బదులు మావారు ఒక డిజైన్ల సాఫ్ట్‌వేర్ కొన్నారు. అంచులో ఏ పోగు ఎక్కడ లేవాలో అది గళ్ళలో చూపిస్తుంది. ఆ గళ్ళ కాగితం ప్రింటు తీసి ఇస్తే, దాన్ని చూసుకుంటూ అట్టలకి చిల్లులు కొట్టే ఆయన వేరే ఉన్నారు. ఆ అట్టలు మగ్గం మీదకి ఎక్కితే చీర మీద పువ్వు పడుతుంది. పాప నా కాళ్ల దగ్గర ఆడుకుంటూ ఉండగానే పని అయిపోయేది. నాకు అంతకన్నా కావలసింది లేదు.

దానికి ఏటా చందా కట్టాలి. రెండో ఏడు కడదామని ఫోన్ చేస్తే అటునుంచి ఎవరూ ఎత్తలేదు. ఎత్తేవాళ్లే లేరని, కంపెనీ మూసేసేరని తర్వాత తెలిసింది. చివరి రోజు సాయంత్రం, రేపటినుంచి తెరుచుకోనన్న మాట తెర మీద కనిపించింది. నా అంచులన్నీ దాని లోపలే ఉన్నాయి. ఇంకే ప్రోగ్రాములోనూ అవి తెరుచుకోవు. మర్నాడు దాన్ని ముట్టుకోకుండా పాపని ఎత్తుకుని అమలాపురం కంప్యూటర్ షాపుకి పరిగెత్తేను.

షాపాయన విని నవ్వేరు. "డేట్ వెనక్కి తిప్పెయ్యండి మేడమ్. దానికేం తెలుసు?"

"ఎంత వెనక్కండీ?"

"అదే చిక్కండి. చివరిసారి ఏ రోజు తెరిచేరో దానికి గుర్తుంటుంది. అంతకన్నా వెనక్కి పోతే ఒప్పుకోదు. ముందుకి పోతే గడువు దాటిపోద్ది. ఆ ఆఖరి రోజొక్కటే మిగిలింది మీకు. ఒక్కసారి అసలు తేదీ చూసిందంటే మాత్రం ఇక తాళమే."

ఆ రోజునుంచి మా కంప్యూటర్‌కి తెల్లారడం ఆగిపోయింది. పొద్దున్నే స్విచ్ వేసి, ముందు తేదీని ఆ ఆఖరి రోజుకి తిప్పి, అప్పుడే సాఫ్ట్‌వేర్ తెరిచేదాన్ని. గోడ మీద క్యాలెండర్ కాగితాలు చిరుగుతూనే ఉన్నాయి. తెర మూలని మాత్రం అదే తేదీ.

అప్పటినుంచే నాకు అందరి మీదా అనుమానం. ముఖ్యంగా మా మరిది మీద. మావారి బాబాయిగారి అబ్బాయి. సాయంత్రాలు వచ్చి కంప్యూటర్‌లో పేకాట ఆడుకునేవాడు. ఈమధ్య వేరే చీరల వ్యాపారి దగ్గర చేరేడు. వస్తూనే "కొత్త అంచులేమైనా గీసేవా వదినా?" అని అడిగేవాడు. బాగున్నావా వదినా అని అడిగినట్టే అడిగేవాడు గాని, నాకు మాత్రం ఆ మాట చెవిలో ఉండిపోయేది.

ఒకరోజు అమలాపురం బస్టాండులో ఒకావిడ చీర అంచు చూసి ఆగిపోయేను. మామిడి పిందెల మధ్య చిలక. ముక్కు వెనక్కి తిప్పి తన తోక చూసుకుంటున్న చిలక. అలాంటి చిలకని గీసింది నేను. ఆ చీర మాది కాదు, రంగులు మావి కావు. ఇంటికొచ్చి, ఆ ఫైలు ఎవరు ఎప్పుడు తెరిచేరో చూద్దామని వెతికేను. ప్రతి ఫైలు పక్కనా ఒకటే తేదీ. ఎప్పుడు గీసినా, ఎవరు తెరిచినా, అన్నీ ఆ ఒక్క రోజే జరిగినట్టు ఉన్నాయి. ఆ తేదీని అలా నిలబెట్టింది నేనే మరి. ఎవరిని అడగను?

ఆ సాయంత్రమే సాఫ్ట్‌వేర్ సీడీని, దాని నంబరు కాగితాన్ని గుడ్డలో చుట్టి బియ్యం డబ్బా అడుక్కి తోసేసేను. మావారికి కూడా చెప్పలేదు.

తర్వాత మావయ్యగారి వంతు వచ్చింది. ఆయన పెరటి పాకలో మగ్గం దగ్గరే ఉంటారు, ముందుగదికి రారు. కొత్త అంచు వేసిన మగ్గాల మీద పోగులు ఊరికే తెగిపోతున్నాయని ఆ నెలలో రోజూ గొణుక్కునేవారు. ఉన్నట్టుండి ముందుగది గుమ్మంలో నిలబడి తెర వంక చూడడం మొదలెట్టేరు.

"అమ్మాయ్, అందులో ఇవాళ ఏ తేదీ?"

చెప్పేను. "ఆయ్" అని వెళ్లిపోయేరు. కాసేపటికి అటక మీదనుంచి పాత పంచాంగాల కట్ట దించుకుని వాకిట్లో దుమ్ము దులుపుతున్నారు. ఇంటి కాగితాలేమైనా వెతుకుతున్నారా, మాకు చెప్పకుండా ఏదైనా చేస్తున్నారా అని తలుపు చాటునుంచి చూసేను.

పెళ్లిళ్ల ముందు ఒక షాపుకి చీరల పెద్ద ఆర్డరు ఒప్పుకున్నాం. మగ్గాలన్నిటికీ పడుగు ఎక్కింది. అంచు గీయడం ఇంకొంచెం మిగిలింది. పాపకి టీకా వేయించాల్సిన రోజు కావడంతో, పని సేవ్ చేసి, సాఫ్ట్‌వేర్ తెరిచే ఉంచి ఆసుపత్రికి వెళ్లేను. తిరిగొచ్చేసరికి తెర మధ్యలో గడువు ముగిసిందన్న పెట్టె. మూలని అసలు తేదీ. ఏది నొక్కినా కదల్లేదు. మరిది అరుగు మీద మంచినీళ్లు తాగుతున్నాడు.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"నేనే వదినా. తేదీ తప్పుగా ఉంది, మార్చమని పెదనాన్నగారు చెప్పేరు."

"పెద్దాయన మీదకి నెట్టకు. నీకు అంచులు కావాలంటే అడిగి ఉండాల్సింది."

వాడు గ్లాసు కింద పెట్టేడు. "నాకెందుకు వదినా నీ అంచులు? నేను పేకాటకి వస్తాను. అది కూడా మా ఇంట్లో నీ తోటికోడలు ఆడనివ్వక."

పాకలోంచి మావయ్యగారు చేతులు తుడుచుకుంటూ వచ్చేరు. "నేనే చెప్పేనమ్మా. వాణ్ణేం అనకు. నువ్వు ఆపిన రోజేటో తెలుసా? అమావాస్య!"



మా ఇళ్లల్లో అమావాస్య నాడు మగ్గం ముట్టరు. ఆ ఆఖరి రోజు కూడా మగ్గాలు ఆగే ఉన్నాయి, నాకిప్పుడు గుర్తొచ్చింది. కంప్యూటర్ని మగ్గం లెక్కలో నేను వేసుకోలేదు, ఇంట్లో ఇంకెవరూ వేసుకోలేదు. మావయ్యగారు వేసుకున్నారు.

"రోజూ అమావాస్య పూటే అంచు మొదలెడుతున్నావు. పోగులు తెగవా మరి? మంచి రోజు చేద్దామని మార్పించేను. ఇలా అలుగుతుందని నాకేం తెలుసు?"

మావారు వచ్చి తెర వంకా, నా వంకా చూసి "మగ్గాలన్నీ ఆగిపోతాయి కదే" అన్నారు. అంచు లేకపోతే ఆ ఆర్డరు పోయినట్టే. ఆ తర్వాత నేను పాపని ఎవరి దగ్గరో వదిలి అమలాపురంలో ఏదో ఒక ఉద్యోగానికి పోవాలి. ఆ మాట ఆయన అనలేదు, నేనూ అనలేదు.

మర్నాడు కంప్యూటర్ పెట్టెని ఆటోలో వేసుకుని షాపుకి వెళ్లేం. మావయ్యగారు తువ్వాలు భుజాన వేసుకుని, చేతిసంచీ పట్టుకుని తనూ ఎక్కేరు.

"అంతా తీసేసి మళ్లీ వెయ్యాలి మేడమ్. మీ ఫైళ్లు వేరే భాగంలో ఉన్నాయి, వాటికేం కాదు. సీడీ ఉందా?"

నా చేతిసంచీలోంచి గుడ్డ మూట తీసేను. సీడీ మీద బియ్యం తవుడు. మావారు నా వంక వింతగా చూసేరు. షాపాయన ఊది, చొక్కాకి తుడిచేరు.

"ఇప్పుడు కొత్తగా వేస్తున్నాం కాబట్టి దానికి వెనకటివేం గుర్తుండవు. మీరు చందా కట్టిన ఏడాదిలో ఏ రోజైనా పెట్టుకోవచ్చు. ఏ రోజు పెట్టమంటారు?"

మావయ్యగారు సంచీలోంచి ఆ ఏటి పంచాంగం తీసేరు. మూల మడిచి ఉన్న పేజీ తెరిచి వేలు పెట్టేరు. "దశమి, గురువారం. ఇది పెట్టండి బాబూ."

"ముహూర్తం చూసి సాఫ్ట్‌వేర్ వేయించుకున్నది మీరొక్కరేనండీ!" షాపాయన నవ్వుతూనే ఆ తేదీ కొట్టేరు.

సీడీ తిరుగుతూ మధ్యలో ఒకసారి గీరినట్టు చప్పుడు చేసి ఆగింది. మళ్లీ తిరిగింది. నేను పాప వేళ్లు గట్టిగా పట్టుకున్నానేమో, అది ఏడ్చింది. చివరికి తెరుచుకుంది. సగంలో ఆగిన అంచు ఆసుపత్రికి వెళ్లేముందు ఎలా వదిలేనో అలాగే ఉంది. ఆ వారమే పూర్తి చేసి అట్టలకి ఇచ్చేసేను.

ఇప్పుడు రోజూ పొద్దున్న నేను స్విచ్ వేసే వేళకి మావయ్యగారు గుమ్మంలో ఉంటారు.

"దశమేనా అమ్మా?"

"దశమేనండీ."

నమ్మరు. దగ్గరికొచ్చి, కళ్లజోడు సర్దుకుని, తెర మూలని తనే చూసుకుని వెళతారు. పోగులు ఇప్పటికీ తెగుతున్నాయి. ఈ నెలనుంచి ఆయన అనుమానం నూలు అమ్మే వ్యాపారి మీదకి పోయింది.

బస్టాండులో చిలక సంగతి తేలలేదు. మరిది రెండు వారాలు రాలేదు. తర్వాత తనే వచ్చేడు, పేకాటకి. కాఫీ ఇచ్చి, పాపని ఒళ్లో పెట్టుకుని ఆట అయ్యేదాకా పక్కనే కూర్చున్నాను. కాఫీ బాగుందన్నాడు. వాడు వెళ్లేక, మళ్లీ బియ్యం డబ్బాలోనే దాచిన సీడీని తీసి కందిపప్పు డబ్బాలోకి మార్చేను.