మొగం లేని అప్ప

ఆదోనిలో బోర్డులు రాయడం నా పని. ఫ్లెక్సీలు వచ్చి మావాళ్లందరి బ్రష్షులూ అటకెక్కించినా నేను మాత్రం మానలేదు. ఇప్పటికీ నేను గోడ మీద అక్షరం రాస్తుంటే మార్కెట్‌యార్డుకు పోయేవాళ్లు ఆగి చూస్తారు. ఆడమనిషి నిచ్చెనెక్కిందని కొందరు చూస్తారు, అక్షరం బాగుందని కొందరు చూస్తారు. ఎవరెందుకు చూసినా నాకు మంచిదే.

మాది పెద్దకడుబూరు దగ్గరి పల్లె. మా పొలాల మధ్య పాత వీరగల్లు ఒకటి ఉండేది. ఏ కాలంలోనో ఊరి పశువులను కాపాడబోయి ప్రాణం వదిలిన మనిషికి గుర్తుగా చెక్కిన రాయి. ఊరందరికీ ఆయన అప్ప, తండ్రిలాంటివాడు. తరతరాల సిందూరం గట్టిపడిపోయిన మొహం, దాని మీద అతికించిన వెండి కళ్లు, మెడ నుంచి కిందికి పంచె. అప్ప అంటే మాకు అంతవరకే తెలుసు.

ఏరువాకకు ముందు ఆయనకు నూనెస్నానం చేయించాలి. అది ఆడవాళ్ల పని. చుట్టూ చీరలు అడ్డం కట్టి పంచె విప్పుతాం. విప్పేముందు అందరం కళ్లు మూసుకుంటాం. రాయైనా మగవాడే కదా, గుడ్డ లేకుండా చూడకూడదు! కళ్లు మూసుకునే ఆముదం రాసి, రుద్ది, కొత్త పంచె చుట్టాక తెరుస్తాం. చిన్నప్పుడు నేను ఒక కన్ను తెరవబోతే మా అమ్మ నూనె చేత్తోనే వీపు మీద ఒక్కటిచ్చింది. తన కళ్లూ మూసుకునే ఉంటే నేను తెరిచినట్టు ఎట్లా తెలిసిందో ఆమెను ఇంకా అడగలేదు.

ఈమధ్య పత్తి తీసే రోజుల్లో అప్పను ఎవరో ఎత్తుకుపోయారు. పొద్దున్నే కూలికి పోయినవాళ్లకు గుంత కనిపించింది. పంచె పక్కనే పడి ఉంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. పంచె పారేసి పోయారంటే వాళ్లకు కావలసింది అప్ప కాదు, రాయి. ఇట్లాంటివి చేతులు మారి ఎక్కడో డబ్బున్నవాళ్ల హాళ్లలో దీపాల కింద నిలబడతాయని ఎస్సై చెప్పాడు.

ఫోటో ఇమ్మన్నాడు. ఊరివాళ్ల ఫోన్ల నిండా ఫోటోలే, అన్నిట్లోనూ సిందూరమూ పంచే.

"ఇట్లాటి రాళ్లు ఊరూరా ఉండాయి కదమ్మా. దొరికినా మీదేనని ఎట్ల సెప్పేది?" అన్నాడు.

మా పెదనాన్న ఊరికి పెద్ద. "పోనీలే, కొత్తది సెక్కిద్దాం" అన్నాడు.

"కొత్తది పెడితే పాతది పోయిందని మనమే ఒప్పుకున్నట్టు. దొరికేదాకా గుంతను గుంతగానే ఉండనీ పెదనాన్నా" అన్నాను.

ఊరి పక్కన పారే వంకలోంచి బంకమట్టి తెప్పించి, మా ఇంటి వసారాలో ఒక పాత తలుపు మీద అప్పంత ఎత్తున మెత్తాను. ఏటా స్నానం చేయించే ఆడవాళ్లను పిలిచి, కళ్లు మూసుకుని నూనె రాయమన్నాను.

"మట్టికి ఆముదమేందే? పిచ్చి పట్టిందా?" అని మా అమ్మ నవ్వింది. నవ్వుతూనే చెయ్యి పెట్టింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

"ఈడ గుర్రం మెడ."

"ఇంకా కిందికి. ఆడ వంకర ఉంటాది."

"కత్తి పట్టిన చెయ్యి ఈడ. బొటనేలు ఇరిగిపోయింటాది, నా గోరు తగులుకుంటాది."

వాళ్ల వేళ్లు నొక్కిన చోటల్లా నేను మట్టి తీస్తూ, పెడుతూ పోయాను. గుర్రం కాళ్ల కింద ఉన్నది కుక్కా దూడా అని ఇద్దరు పోట్లాడుకున్నారు. చెవులు తడిమి తడిమి చివరికి దూడే అని తేల్చారు. మొహం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరూ చేతులు ఎత్తేశారు. ఆ సిందూరం మందంలో ముక్కెక్కడుందో కూడా ఎవరికీ తెలియదు.

"మంచి మీసాలు పెట్టు, ఈరుడు కదా!" అన్నాడు పెదనాన్న.

పెట్టలేదు. దొంగలు ఉన్నదాన్ని ఎత్తుకుపోయారు. లేనిదాన్ని నేను తెచ్చిపెడితే వాళ్లూ నేనూ కలిసి అప్పను మాయం చేసినట్టే. మొహం చోట తడి గోనెపట్టా కప్పి మట్టిని పచ్చిగానే ఉంచాను. రోజూ దాన్ని తడపమని అమ్మకు అప్పగించాను. మొగం లేని అప్ప అని ఊరంతా ఎగతాళి చేసింది. చేసుకోనీ అనుకుని ఆ బొమ్మనే ఫోటో తీసి స్టేషన్లో ఇచ్చాను.

కొన్నాళ్లకు ఎమ్మిగనూరు దగ్గర ఒక లారీలో పత్తి మూటల కింద రాయి దొరికిందని కబురొచ్చింది. పెదనాన్న, ఇంకొందరు మగవాళ్లు పోయి చూసి వచ్చారు.

"మనది కాదు. అది నల్లగా ఉండాది. మన అప్ప ఎర్రగా కదా ఉంటాడు!"

దొంగలు సిందూరమంతా కడిగేసి ఉంటారన్న ఆలోచనే వీళ్లకు రాలేదు. గుడ్డ లేని అప్పను వీళ్లు పుట్టి బుద్ధెరిగి చూసిందీ లేదు. మాదని మేమే అనకపోతే ఆ రాయి ఏ గోదాములోనో అనాథగా పడి ఉంటుంది. మరుసటి రోజే అమ్మనూ మిగతావాళ్లనూ బస్సెక్కించాను.

స్టేషన్ ఆవరణలో గోడకు ఆనించి పెట్టారు. మావాళ్లు దూరం నుంచే కళ్లు మూసుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, తల వంచుకుని ముందు పోతున్న నా వెనక నడిచారు. కానిస్టేబుల్ నవ్వాడు.

"నువ్వు గూడా కండ్లు మూసుకోప్పా" అంది అమ్మ. అతను నిజంగానే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

చేతులు రాయి మీద పడ్డాయి. గుర్రం మెడ, దాని కింద వంకర, విరిగిన బొటనవేలు. దూడ చెవులను అమ్మ రెండుసార్లు తడిమింది.

"మా అప్పే!"

ఎస్సై నేనిచ్చిన ఫోటో తెచ్చి రాయి పక్కన పెట్టి పైనుంచి కిందిదాకా చూశాడు. "మీదేనమ్మా" అన్నాడు. గెలిచాననిపించింది. గెలిచాను కూడా.

అప్పుడు అమ్మ చెయ్యి ఎన్నడూ పోని చోటికి, మెడ దాటి పైకి పోయింది. అక్కడ సిందూరం లేదు. చెయ్యి ఆగింది. అమ్మ కళ్లు తెరిచింది.

మీసం కూడా మొలవని మొహం. నున్నటి బుగ్గలు, చెవులకు చిన్న పోగులు.

"వీడు పిలగాడు కదే!" అంది అమ్మ. "ఇన్నేండ్లు అప్పా అప్పా అని మొక్కితిమే. నా మనవనంత గూడా లేడే!"

అందరి ముందూ గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత అమ్మ మా ఊరి నుంచి తెచ్చిన పంచె మడత విప్పి వాడి మెడ దాకా చుట్టి, "ఇంగ వీని మొగానికి ఎవురూ ఏమీ పూయొద్దండి" అంది.

ఇంటికి రాగానే గోనెపట్టా తీశాను. మట్టి ఇంకా మెత్తగానే ఉంది. బుగ్గలు దిద్దుతుంటే అమ్మ పక్కనే కూర్చుని, కళ్లు తెరిచే చూసింది.