రైలు పట్టా మోసుకుని వశిష్ఠ దాటాం

శనివారం పొద్దున్న ఆరున్నరకి రాజమండ్రి స్టేషను ముందు రిక్షా దిగేసరికే నాకు నడుం పట్టేసింది. కారణం మా సువార్త అత్తయ్య సామాను. ఒక చేతిసంచీ, ఒక మంచినీళ్ల సీసా, పాత నేతచీరలో చుట్టిన రెండున్నర అడుగుల ఇనప పట్టా ముక్క. మొదటి రెండూ అత్తయ్య పట్టుకుంది. మూడోది మేనల్లుణ్ణి కనుక నాకు వదిలేసింది.

రైలెక్కే మనిషి రైలు పట్టా వెంట తీసుకెళ్లడమేమిటని మీకు అనుమానం రావచ్చు. స్టేషనులో కూలీకీ వచ్చింది. అందుకని ఆ సంగతి ముందు చెప్పేస్తాను.

అత్తయ్య పుట్టింది సఖినేటిపల్లి రేవుకి కాస్త ఎగువన, వశిష్ఠ గోదావరి మధ్యలో ఉండే ఓ చిన్న లంకలో. మా తాతల కాలంలో ఒక మిషనరీ దొర పడవ మీద అక్కడికి వచ్చాడు. ఆయన పేరు మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోలా పలుకుతారు. అప్పటికి అక్కడ గుడి లేదు, పాకైనా లేదు. దొర పడవలోంచి ముందుగా దింపింది ఈ పట్టా ముక్కనే. ఆనకట్ట పనికి రాళ్లు లాగిన ట్రాలీల పట్టా అని అత్తయ్య చెబుతుంది. దాన్ని చింతకొమ్మకి వేలాడగట్టి బోల్టుతో కొట్టాడట. పొలాల్లో పనిచేసేవాళ్లకి గడియారాలెక్కడివి? ఆ మోత విని వచ్చినవాళ్లే సంఘమయ్యారు. ఆ తర్వాత ఆడవాళ్లు ప్రతి పూటా ఎసట్లో పోసే ముందు గుప్పెడు బియ్యం పక్కన తీసి, ఆ బియ్యం అమ్మి, మొదట తాటాకు పాకా, తర్వాత పెంకుల గుడీ కట్టించారు.

నాకు పాత చర్చిలు చూసే సరదా ఉంది. బడికి సెలవులొస్తే మాస్టారి ఉద్యోగం గోడకి తగిలించి ఏదో ఒక ఊరు బయల్దేరతాను. ఒకచోట రాజుగారు భూమి ఇస్తే మఠం వెలిసిందంటారు, ఇంకోచోట సన్యాసికి కలొస్తే గుడి లేచిందంటారు. మా లంక గుడికి రాజూ లేడు, కలా లేదు. ఈ పట్టాయే ఉంది.

దాన్ని ఆరాధన రోజున మూడుసార్లు కొట్టేవారు. మొదటి గంటకి పని ఆపి స్నానం. రెండో గంటకి మంచి బట్టలు కట్టుకుని ఇల్లు దాటడం. మూడో గంటకి ఆరాధన మొదలు. మూడూ పడనిదే అయ్యగారు, అంటే పాస్టరు గారు, నోరు తెరిచేవారు కాదు.

కొన్నేళ్ల కిందట గోదావరి ఆ లంకని అంచులంట కోసుకుంటూ వచ్చి చివరికి గుడినీ తీసుకుపోయింది. జనం ముందే ఒడ్డుకి చేరారు. తలుపులు ఒకరు, బల్లలు ఒకరు మోసుకెళ్లారు. రాజమండ్రిలో నర్సుగా చేసి రిటైరైన అత్తయ్య మాత్రం పట్టాని తెచ్చి మంచం కింద పెట్టుకుంది. కొత్త గుడి కట్టే రోజున తనే తెచ్చి వేలాడగడతానని మాట ఇచ్చింది. ఇన్నాళ్లకి ఆదివారం శంకుస్థాపన అని కబురొచ్చింది. అప్పటినుంచీ అత్తయ్యకి కాలు నిలవలేదు.

నరసాపురం పాసింజరు బయల్దేరేసరికి ఏడు దాటింది. పట్టాని సీటు కిందకి తోశాను. గోదావరి వంతెన దాటేలోపు ఇడ్లీ పొట్లాలు విప్పాం. ఎదుటి సీట్లో ఒకావిడ ఒళ్లో అట్టపెట్టె పెట్టుకుని, చెయ్యి వేస్తే విరిగిపోతాయన్నట్టు కూర్చుంది. ఆత్రేయపురం పూతరేకులట. కూతురి సీమంతానికి భీమవరం తీసుకెళుతోంది.

నిడదవోలులో టీసీ గారు ఎక్కారు. టికెట్లు చూసి కదలబోతూ చీరలోంచి బయటికొచ్చిన పట్టా కొస దగ్గర ఆగిపోయారు.

"ఇదేంటండీ?"

"గంటండి," అంది అత్తయ్య.

"గంటేంటండీ, ఇది పట్టా. రైల్వే సొత్తు కదా!"

"మీ రైల్వేది కాదండి, మా దేవుడిది. కావలిస్తే మోగించి చూపిస్తాను," అంటూ చేతిసంచీలోంచి బోల్టు తీసింది. నేను వారించేలోపే పట్టా కొస పైకెత్తి ఠంగుమని ఒక్కటి కొట్టింది.

పూతరేకులావిడ గబుక్కున చెప్పులు విడిచి, పట్టాని తాకి చేతులు కళ్లకద్దుకుంది. "గంట గంటేగా అండీ," అంది టీసీ గారితో. ఆయన కాసేపు పట్టానీ, కాసేపు అత్తయ్యనీ చూశారు. ఇంత సన్నం పట్టాలు తమ లైన్లో లేవని తనకి తనే చెప్పుకుని వెళ్లిపోయారు. భీమవరంలో దిగుతూ ఆవిడ అత్తయ్య చేతిలో రెండు పూతరేకులు పెట్టింది. అందులో ఒకటిన్నర అత్తయ్యే తింది.

పదకొండున్నరకి నరసాపురం. స్టేషను నుంచి రేవు దాకా రిక్షా. దారంతా అరుగుల మీద ఆడవాళ్లు లేసు అల్లుతున్నారు. చూపు మా మీద, చెయ్యి కుట్టు మీద. రేవులో పంటి సిద్ధంగా ఉంది. రెండు పడవల మీద బల్లలు పరిచి మోటారు బిగించిన దాన్ని ఇక్కడ పంటి అంటారు. దాని మీద సైకిళ్లు, స్కూటర్లు, కొబ్బరికాయల బస్తాలు, వాటి మధ్య మేం. అత్తయ్య ఎగువకి చెయ్యి చాపి, "అదిగో, అక్కడుండేదిరా గుడి," అంది. అక్కడ ఎర్రటి నీళ్లు తప్ప ఏమీ లేవు. అయినా నేను తలూపాను.

అవతలి రేవులో మా కోసం రెండు రిక్షాలు ఉన్నాయి. ఇంత మర్యాదా అని నేను మురిసిపోయాను. కానీ రెండు రిక్షాల పక్కనా రెండు గుంపులు నించున్నాయి, ఒకళ్లనొకళ్లు చూడకుండా.

మొదటి గుంపులోంచి దేవదానం గారు వచ్చారు. నదిగట్టు మీద స్థిరపడ్డవాళ్లకి పెద్ద ఆయన. "అక్కయ్యా, రండి. పునాది గొయ్యి తవ్వేశాం," అన్నారు.

రెండో గుంపులోంచి ప్రకాశం గారు వచ్చారు. కాలవకి అవతల గవర్నమెంటు కాలనీలో ఇళ్లొచ్చినవాళ్లకి ఈయన పెద్ద. "వదినా, ముందు మా గొయ్యి చూద్దురు గాని," అన్నారు.

అత్తయ్య ఇద్దర్నీ చూసింది. రెండు గోతుల సంగతి మాకొచ్చిన కబురులో లేదు. తను ఏ రిక్షా ఎక్కలేదు. రేవులో టీ బడ్డీ పక్కన పట్టాని కింద పెట్టించి, దాని మీదే కూర్చుంది. "ముందు టీ తాగుతాను," అంది.

టీ తాగుతూండగా సంగతి బయటపడింది. గట్టు వాళ్ల మాట: పాత గుడి ఉన్న చోటికి ఎదురుగా ఉన్నది మేమే, గుడి ఇక్కడే ఉండాలి. కాలనీ వాళ్ల మాట: గట్టు మీద కడితే మళ్లీ వరదపాలే, మాది మెరక. ఇద్దరి మాటా నాకు సబబుగానే తోచింది, అదే చిక్కు. రెండేళ్లు వాదించుకుని, చివరికి ఎవరి గుడి వాళ్లు కట్టుకోవడానికి సిద్ధపడ్డారు. ఇక తేలాల్సింది ఒక్కటే. పట్టా ఎక్కడ వేలాడితే అది పాత గుడి. రెండోది కొత్తగా పుట్టిన చర్చి కింద లెక్క. ఆ మాట అనిపించుకోవడం ఎవరికీ ఇష్టం లేదు.

ఆ మధ్యాహ్నం నేను రెండు భోజనాలు చేశాను. గట్టు మీద దేవదానం గారింట్లో రొయ్యలూ గోంగూర, గంటలోపే కాలనీలో ప్రకాశం గారింట్లో చేపల పులుసు. ఒకచోట తిని రెండోచోట మానితే పక్షపాతమట. రెండు ఊళ్లకీ ప్రార్థన చేసే అయ్యగారు పాపం రెండేళ్లుగా ఇలాగే తింటున్నారు. మనిషి చూస్తుండగా లావయ్యారు.

బస ఎవరింట్లోనూ వద్దని అయ్యగారింట్లోనే దిగాం. సాయంత్రం పెరట్లో అరటిచెట్ల దగ్గర అత్తయ్య ఒక్కతే కూర్చుని ఉంటే వెళ్లాను. కళ్లు తుడుచుకుంటోంది. ఆవిడ ఏడవగా చూడటం నాకు అదే మొదలు.

"లంక పోయినప్పుడు ఏడవలేదురా. గుడి కూలినప్పుడూ ఏడవలేదు. మనుషులున్నారు కదా అనుకున్నాను. ఇప్పుడు మనుషులే పోతున్నారు. ఇది ఎవరికిచ్చినా రెండోవాళ్లు నా మొహం చూడరు. అది పర్లేదు. వాళ్లలో వాళ్లు ఇక చూసుకోరు."

"తిరిగి పట్టుకుపోదామా?" అన్నాను.

"మంచం కింద మోగుతుందేంట్రా?" అంది.

ఆ పూట భోజనం వద్దన్నాను. రెండు ఊళ్లవాళ్లూ వింటారని అయ్యగారు ఆ మాట మెల్లిగా చెప్పమన్నారు.

ఆదివారం పొద్దున్న పెద్దలిద్దరూ మళ్లీ చెరో రిక్షాతో వచ్చారు. అత్తయ్య అప్పటికే స్నానం చేసి తెల్లచీర కట్టుకుని సిద్ధంగా ఉంది. పట్టాని దేవదానం గారి రిక్షాలో పెట్టించి, తను ప్రకాశం గారి రిక్షా ఎక్కి, "రేవులో వెల్డింగు షాపుకి పోనివ్వండి," అంది.

అక్కడ పట్టా మీద సుద్దముక్కతో గీత గీసి, "ఇక్కడ కోసెయ్యి నాయనా," అంది షాపతనితో.

పెద్దలిద్దరూ రెండేళ్ల తర్వాత మొదటిసారి ఒక్కమాట మీదికొచ్చారు. "వద్దండీ!" అని ఒకేసారి అరిచారు.

"కోస్తే చచ్చిపోవడానికి అదేమన్నా కోడా? ఇనుము. రెండు ముక్కలూ మోగుతాయి."

"పోనీ సగానికైనా గీయండి వదినా. ఇలాగైతే ఒకటి పెద్దదీ, ఒకటి చిన్నదీ వస్తాయి," అన్నారు ప్రకాశం గారు.

"కావాలనే గీశాను. సమానంగా ఉంటే ఒకేలా మోగుతాయి. ఏది మీదో, ఏది వాళ్లదో ఎలా తెలుస్తుంది? పెద్దది గట్టు మీద కట్టండి. మొదటి గంట అక్కడే కొట్టాలి. చిన్నది కాలనీకి. మొదటిది వినబడ్డాక రెండో గంట మీరు కొట్టాలి. మూడోది ఇద్దరూ కలిసి కొట్టాలి. మూడూ పడితేనే ఆరాధన, మన లంకలో లాగానే."

ప్రకాశం గారు మూడు గంటలూ వేళ్ల మీద లెక్కపెట్టారు. "అంటే మేం రెండోది కొట్టకపోతే గట్టు మీద ఆరాధన ఉండదా?"

"ఉండదు."

"వాళ్లు మొదటిది కొట్టకపోతే?" అన్నారు, దేవదానం గారి వంక చూడకుండా.

"మీకూ ఉండదు."

మా వెంట వచ్చిన అయ్యగారి మొహం వెలిగిపోయింది. ఒక వారం ఇక్కడా ఒక వారం అక్కడా తను, రెండోచోట తనకి సాయంగా ఉండే ఉపదేశి గారు ఆరాధన జరిపిస్తామనీ, మూడు గంటలూ వినకుండా ఇద్దరిలో ఎవరూ బైబిలు తెరవమనీ అక్కడికక్కడే ప్రకటించారు. పెద్దలిద్దరూ ఒప్పుకున్నట్టు తలూపలేదు, కాదనీ అనలేదు. గ్యాసు మంట పట్టాని తాకి నిప్పురవ్వలు లేచినప్పుడు మాత్రం ఇద్దరూ టోపీలు తీసినట్టుగా తలమీది కండువాలు తీసి నించున్నారు. షాపతను చిన్నముక్కకి కొత్తగా బెజ్జం వేసి, డబ్బులు వద్దంటూ కళ్లద్దాలు తీసేశాడు.

ఆ పొద్దున్న గట్టు మీద ఒక రాయి, మధ్యాహ్నం కాలనీలో ఒక రాయి వేశారు. రెండుచోట్లా అత్తయ్య తన చేత్తోనే పట్టా ముక్కని చెట్టుకొమ్మకి వేలాడగట్టింది. రెండుచోట్లా ఆడవాళ్లు గుప్పెడు గుప్పెడు బియ్యం తెచ్చి బుట్టలో పోశారు. రెండుచోట్లా నాకు భోజనం పెట్టారు.

మొదటిసారి గంటలు కొట్టేది సాయంత్రం ఆరింటి ప్రార్థనకి. అది విని రేపు వెళదామన్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు.

"నేనుంటే నా మొహం చూసి కొడతారు. నేను లేనప్పుడు కొడతారో లేదో అదే తెలియాలి. పద, పంటి ఉంది."

నది మధ్యకి వచ్చేసరికి చీకటి పడబోతోంది. అత్తయ్య మోటారు నడిపే అతని దగ్గరికి వెళ్లి, "ఒక్క నిమిషం ఆపుతావా నాయనా? గంట వినాలి," అంది. అతను వింతగా చూసి ఆపేశాడు. సైకిళ్లవాళ్లు, చేపల బుట్టలవాళ్లు, అందరూ ఏమిటేమిటంటూనే ఊరుకున్నారు. పంటి ప్రవాహంలో మెల్లగా జారుతోంది.

గట్టు వైపునుంచి వచ్చింది మొదటిది. బరువుగా, మందంగా, ఠాం అని.

తర్వాత ఏమీ లేదు. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. ఎవరో దగ్గారు, పక్కవాళ్లు వాళ్లని ఊరుకోమన్నారు. మోటారతను నా వంక చూశాడు, ఇంకెంతసేపని. నేను కాలనీ వైపున్న కొబ్బరితోటల్ని చూస్తూ నించున్నాను. జీవితంలో అంత గట్టిగా ఏ ప్రార్థనా చేసి ఉండను.

కాలవకి అవతలనుంచి సన్నగా, చిన్నపిల్ల గొంతులా ఠింగుమంది. మళ్లీ మళ్లీ మోగింది.

"ఆలస్యం," అంది అత్తయ్య ముక్కు చీదుతూ. "లంకలోనూ అంతే. ప్రకాశం వాళ్లు రెండో గంటకి ఏనాడూ టైముకి రాలేదు." నవ్వుతోందో ఏడుస్తోందో చీకట్లో తెలియలేదు. పంటి మీద ఎవరో చప్పట్లు కొట్టారు. మూడో గంట కలిసి కొట్టాలన్నారు గాని కలవలేదు, ఒకటి ముందూ ఒకటి వెనకా వచ్చింది. అయినా రెండూ వచ్చాయి. మోటారతను మళ్లీ తాడు లాగాడు.

రాత్రి పాసింజరులో పట్టా చుట్టి తెచ్చిన నేతచీరని మడిచి తలకింద పెట్టుకుని అత్తయ్య భీమవరం రాకుండానే నిద్రపోయింది. నా చేతులకి మోసేదేమీ లేక వెలితిగా ఉంది. రాజులిచ్చిన భూముల్లో వెలిసిన గుడులు నేను చాలానే చూశాను, ఒక గుడి మొదలవడం మాత్రం ఇదే మొదటిసారి చూడటం. ఎన్ని ఆదివారాలు అలా ఒకరి గంట కోసం ఒకరు ఆగుతారో నేను చెప్పలేను. మీరెప్పుడైనా ఆదివారం సాయంత్రం ఆరింటికి ఆ రేవు దాటుతుంటే, మోటారు ఒక్క నిమిషం ఆపమని అడగండి. మొదటి గంట విన్నాక తొందరపడకండి. రెండోది కాస్త ఆలస్యంగా వస్తుంది.