చిమ్మటల బకెట్లో మందు కొట్టిన పొద్దు

దసరా వెళ్ళి చలి మొదలయ్యే రోజుల్లో ఆర్మూర్‌లోని మా ఇంటి పెరట్లో సాయంత్రం పూట ఒక బకెట్ పెడతాను. పైన బల్బు, మూతికి గరాటు, లోపల కోడిగుడ్ల అట్టలు. వెలుగుకు వచ్చిన చిమ్మటలు గరాటులోంచి జారి అట్టల సందుల్లో నిద్రపోతాయి. పొద్దున్నే ఒక్కో అట్ట ఎత్తి, ఫోటో తీసి, ఏమేం వచ్చాయో రాసుకుని, గోరింట పొద కింద వదిలేస్తాను. పాఠాలు చెప్పడానికి బడికి వెళ్ళేలోపు నాకోసం నేను చేసుకునే పని అదొక్కటే.

పోయినేడు మా ఆయన అన్న ఆలూర్ నుంచి వచ్చి మా ఇంట్లో పడుకున్నాడు. తెల్లారి నేను పెరట్లోకి వెళ్ళేసరికి మందు వాసన గుప్పుమంది. బకెట్ మూత తీసి ఉంది. బావ చేతిలో దోమల మందు డబ్బా.

"మస్తు పురుగులు వడ్డయమ్మా. నీకెందుకు తక్లీఫని నేనే కొట్టిన," అన్నాడు నవ్వుతూ.

అట్టలు ఎత్తాను. చిమ్మటలన్నీ వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటున్నాయి. అడుగున, గన్నేరు ఆకు తిని పెరిగే పెద్ద పచ్చ చిమ్మట. వానల్లో మా గన్నేరు మీద దాని గొంగళిపురుగును చూసినప్పటి నుంచి దానికోసమే ఎదురుచూస్తున్నాను. రెక్కలు ఇంకా అదురుతున్నాయి.

"నిన్నెవలు కొట్టుమన్నరు బావా?" అని అరిచాను.

"పసుపు చేన్ల కాండం తొలిచేది గీ జాతే గదా! ఇంట్ల వెంచుతవా?"

"తొలిచేది గిండ్ల ఏదో ఒక్కటి. మిగిలినయి నీకేం జేసినయ్? నువ్వే సంపినవు, నువ్వే గుంత తీసి పూడ్చు."

ఆయన డబ్బా అక్కడే పడేసి, చాయ్ తాగకుండానే బండెక్కి వెళ్ళిపోయాడు.

"పెద్దోనితోని గట్లనా మాట్లాడేది బిడ్డా?" అంది అత్తమ్మ. మా ఆయన అయితే, "మంచికే జేసిండు గదా. ఫోన్ జేసి మాఫీ అడుగు," అన్నాడు.

అప్పుడు నిజంగా ఒళ్ళు మండింది. చచ్చినవాటి గురించి ఎవరికీ బాధ లేదు. ఇంట్లో తప్పంటూ ఉంటే అది నా కోపమే! మా ఆయన తనే నంబరు కలిపి ఫోన్ నా చేతిలో పెట్టాడు. కట్ చేసి మంచం మీదికి విసిరేశాను. గుంత నేనే తీసి వాటిని పూడ్చి, బడికి వెళ్ళాను. ఆ రోజు పిల్లల మీద కూడా ఊరికే అరిచాను.

మాఫీ మాత్రం ఇప్పటికీ అడగలేదు.