కొండమేక జాడ

పీరయ్యది జన్నారం దగ్గరి పల్లె. తండ్రి అడవిలో పులుల అడుగులు కొలిచే దినకూలీ. ఆయన వెంట తిరిగిన పీరయ్య, ఏ జంతువు ఎప్పుడు నడిచిందో నేలను చూసి చెప్పేవాడు. సౌదీలోని తబూక్‌లో ఆ విద్య ఎవరికీ అక్కరలేదు. నాలుగేళ్లుగా అక్కడ తోటలో పైపులు చూసుకుంటున్నాడు. చలికాలంలో వీసా ఇచ్చిన యజమాని, కఫీల్ అబూ మాజిద్ వేటకు వెళ్తే గుడారం వేసి వంట చేసేవాడు.

ఆ జనవరిలో లోజ్ కొండ మీద మంచు పడింది. అబూ మాజిద్ ఇద్దరు స్నేహితులతో కొండమేక కోసం ఎక్కాడు. ఆ వేట నిషేధం కాబట్టి ఎవరూ రాని లోయలో దిగారు. మూడు రోజులు తిరిగినా ఒక్కటీ కనబడలేదు. పీరయ్య మాత్రం నీళ్లకు వెళ్తూ మంచులో గిట్టల గుర్తులు చూశాడు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఊళ్లో భార్య గౌరవ్వకు రొమ్ములో గడ్డ. వచ్చే నెల పన్నెండున కరీంనగర్‌లో ఆపరేషన్. ఇంటికెళ్లే ఛుట్టీ కోసం ఎన్నిసార్లు అడిగినా కఫీల్ జవాబివ్వలేదు. ఆ సాయంత్రం పీరయ్య తనకొచ్చిన అరబీలో అడిగాడు.

"మేకను చూపిస్తే ఇంటికి పంపుతావా?"

"చూపించు. దిగిన రోజే పాస్‌పోర్ట్ నీ చేతిలో పెడతా."

మర్నాడు కాళ్లకు ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని పీరయ్య ముందు నడిచాడు. అంచులు గడ్డకట్టిన గుర్తులు పాతవి, మెత్తనివి ఇప్పటివి. రెండు గంటలకు ఎదుటి గట్టు మీద పెద్ద పోతు నిలబడి ఉంది. ఒక్క తూటాకే పడిపోయింది.

"ఇవి డేగకళ్లు," అని అబూ మాజిద్ అతని భుజం తట్టాడు.

ఆ దేశంలో అతన్ని ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. పీరయ్య నిండుగా నవ్వాడు. ఆ నవ్వుకు తర్వాత తనను తాను ఎన్నడూ క్షమించుకోలేదు.

కొండ దిగాక కఫీల్ మాట మారింది. "రియాద్ నుంచి అతిథులు వస్తున్నారు. నీలాంటివాణ్ణి ఇప్పుడెలా పంపను? చలికాలం పోనీ."

పన్నెండో తారీకున గౌరవ్వను ఆమె తమ్ముడు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆ ఉదయం పీరయ్య సిగ్నల్ అందని లోయలో అతిథుల ముందు నడుస్తున్నాడు. గుర్తులు ఎడమకు పోతుంటే వాళ్లను కుడికి తిప్పాడు. మూడు రోజులూ అలాగే తిప్పి ఉత్త చేతులతో దించాడు. తర్వాత వచ్చినవాళ్లనూ అంతే చేశాడు. స్నేహితుల ముందు పరువు పోయిన అబూ మాజిద్, వీడి కళ్లు పోయాయని తిట్టి, మార్చిలో ఖురూజ్, అంటే తిరిగిరాకుండా పంపే ముద్ర, కొట్టించి పంపేశాడు. ఇక ఆ కొలువు లేదు.

పీరయ్య ఇల్లు చేరేసరికి గౌరవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది. సగానికి సగం అయింది.

"ఆపరేషన్ దినం శానాసేపు తలుపు దిక్కే చూసిన," అంది.

"కఫీల్ పంపలే."

"ఫోనన్న చెయ్యకపోతివి."

"కొండ మీదున్న."

"కొండ మీదేం పని నీకు?"

పీరయ్య నేల చూశాడు. "వేటగాళ్లకు మేకల జాడ చూపెట్టే పని," అన్నాడు.

గౌరవ్వ, ఆపరేషనైన వైపు ఎడమచెయ్యి పైకి లేవక, కుడిచేత్తోనే చెంబు వంచి గ్లాసు నింపి, అతని ముందు పెట్టి లోపలికి వెళ్లింది.