మూలకు మూల సరిపోయే దాకా

మా అత్త పోయిందన్న ఫోను వచ్చినప్పుడు నేను ఒక పాత జీపు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. కర్నూలు ఆసుపత్రి నుంచి మా ఆయన. "అమ్మ లేదు" అన్నాడు, అంతే. చేతిలో బోల్టు సగమే బిగిసి ఉంది. పూర్తిగా బిగించి బయటికి వచ్చాను. ఇది విన్నవాళ్లు ఏమనుకుంటారో తెలియదు గానీ, మా అత్త అయితే తప్పు పట్టేది కాదు.

ఆళ్ళగడ్డ దాటాక హైవే పక్కన ఉంటుంది మా టింకరింగ్ షెడ్డు. సొట్టలు పడిన కార్లు, జీపులు వస్తాయి. బోర్డు మీద ఇప్పటికీ మా మామ పేరే. కానీ ఆయన కుడిచెయ్యి లారీ డోరు కింద నలిగిపోయిన నాటి నుంచి సుత్తి పట్టింది మా అత్తే. ఆమె పుట్టింటివాళ్లు రేకు పెట్టెలు చేసేవాళ్లు. పదేళ్ల వయసుకే రేకును మడవడం, అంచు తిప్పడం వచ్చునట. పెట్టె మూత సరిగా పడకపోతే వాళ్ల నాయన మళ్లీ మొదటి నుంచి చేయించేవాడని చెప్పేది.

నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు బీఎస్సీ లెక్కలు చదివి, టీచరు పోస్టు కోసం ఎదురుచూస్తున్నాను. పెళ్లయిన నెలకు షెడ్డుకి క్యారియర్ తీసుకుపోతే, కారు కింద నుంచి మా అత్త గొంతు వినిపించింది.

"ఏమ్మే, లెక్కలు సదివినావంట కదా. ఇట్ల రా, కింద పండుకోని సూడు."

కొత్త చీరతో పడుకున్నాను. ఆ చీర మళ్లీ కట్టుకోవడానికి పనికి రాలేదు. టీచరు పోస్టు రాలేదు. వచ్చినా పోయేదాన్ని కాదేమో.

ఆమె దగ్గర నేర్చుకున్నదంతా చెప్పలేను. ఒక పని మాత్రం చెప్తాను. రేకు సాపు అయిందో లేదో చూడాలంటే పల్చటి పాత గుడ్డ పరిచి, దాని మీద అరచేతిని మెల్లగా జరిపేది. కళ్లు మూసుకునేది. కంటికి కనపడని ఎత్తుపల్లాలు ఆ చేతికి తెలిసేవి. "లోపలికి పొయ్యిందాన్ని కొట్టొద్దు పాపా. దాని సుట్టూ బిగదీసుకోని ఉండేదాన్ని వదిలించు" అనేది. సొట్ట దానంతటదే పైకి వచ్చేది. ఆదివారం చర్చిలో పాట పాడుతూ కూడా ఆమె చూపు పక్కకు వాలిన కిటికీ చట్రం మీదే ఉండేది. చివరికి ఒక సోమవారం పోయి సరిచేసి వచ్చింది.

మూడేళ్ల కిందట కర్నూలు నుంచి ఒక డాక్టరమ్మ పాత స్పోర్ట్స్ కారు లారీ మీద వేయించుకుని వచ్చింది. రెండే సీట్లు, పైకప్పు లేదు, పొడుగాటి బానెట్టు. ఆమె నాయనది. ఆయన వయసులో ఉన్నప్పుడు ఒక కల్వర్టుకు గుద్దేసి, ఆ తర్వాత బనగానపల్లె దగ్గర వాళ్ల మామిడి తోట షెడ్డులో పడేశాడట. పెద్ద ఊళ్లో ఎక్కడో బాగు చేయించారు. ఎర్ర రంగుతో అద్దంలా ఉంది. కానీ నడిపితే ఎడమకు లాగుతోంది, తలుపు గట్టిగా తోస్తే గానీ పడదు.

"మా నాన్నకు ఎనభై దాటాయమ్మా. ఒక్కసారి ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేనే మహానందికి నడపాలని ఉంది. ఇట్లా లాగే బండిలో ఎట్లా కూర్చోబెట్టుకునేది?" అంది డాక్టరమ్మ.

మా అత్త రంగు వైపు చూడనే లేదు. షెడ్డులో ఒక మూల నేలను ఆమె కడప బండలతో, రసమట్టం పెట్టి పరిపించుకుంది. కారును దాని మీద స్టాండ్ల పైకి ఎత్తించింది. ఛాసీ అంటే కారు అస్థిపంజరం, ఒళ్లంతా దాని మీదే నిలబడుతుంది. ఆ ఛాసీలోని ఒక్కో బోల్టు రంధ్రం నుంచి దారానికి కట్టిన తూకపు గుండు వేలాడదీసి, అది చూపించిన చోట నల్ల బండ మీద సుద్దతో చుక్క పెట్టమంది. ఆ తర్వాత ముందు ఎడమ చుక్క నుంచి వెనక కుడి చుక్కకు, ముందు కుడి నుంచి వెనక ఎడమకు సన్నటి ఇనుప తీగ లాగి కొలిచాం. రెండూ సమానం కావాలి. ముప్పావు అంగుళం తేడా వచ్చింది.

"కర్ణాలు కలవలేదత్తా" అన్నాను.

"అదేందో నాకు తెల్దు. ఎడమ పక్క కమ్మి మొత్తం వెనక్కి పొయ్యిండాది. దాని మీదనే లప్పం పూసి రంగేసినారు."

బాడీ ఊడదీసి ఛాసీని లాగాలంది. మా ఆయన ఒప్పుకోలేదు. "అంత మంచి రంగు మనం కోసేది ఏంది మా? తలుపు ఒకటి సరిచేసి పంపిద్దాం. ఆయప్ప ఇంక ఎన్ని రోజులు తిరుగుతాడు ఆ కార్లో?"

"ఒక్క రోజే తిరగనీ అబ్బీ. ఆ ఒక్క రోజు తిన్నగా పోవల్ల."

ఇద్దరికీ వారం రోజులు మాటల్లేవు. నేను అత్త పక్కన నిలబడ్డాను. ఇంట్లో అది తేలిక కాలేదు.

ఛాసీకి గొలుసు తగిలించి జాకీతో లాగాం. సాయంత్రానికి కొలత సరిపోయింది. పొద్దున చూస్తే సగం వెనక్కి పోయింది. మా ఆయన వచ్చి చూసి, ఎర్రగా కాల్చి లాగండి అన్నాడు.

"కాలిస్తే వంగుతాది. దాంతో పాటే బలమూ పోతాది" అంది అత్త.

కొద్దిగా ఎక్కువ లాగడం, కమ్మి పొడుగునా చిన్న సుత్తితో తట్టుకుంటూ పోవడం, గొలుసు వదలడం, కొలవడం. మళ్లీ లాగడం. అప్పటికే ఆమెకు ఆయాసం మొదలైంది. ఒకరోజు పని చూడటానికి వచ్చిన డాక్టరమ్మ ఆమె దగ్గు విని, అక్కడే స్టూలు మీద కూర్చోబెట్టి గుండె, ఊపిరి చూసింది. డాక్టరమ్మ ముఖం మారిపోయింది.

"ఈ పని ఆపేయండమ్మా. కారు ఇట్లే ఉండనీ, నాకేం బాధ లేదు."

"నా ఊపిరి సూసేది నీ పని. సూడు, మందులియ్యి, మింగుతా. కారు సూసేది నా పని. ఎవురి పని వాళ్లు సగంలో ఇడిసిపెట్టకూడదు తల్లీ."

మర్నాడు మా ఆయన వచ్చి గొలుసు పట్టుకున్నాడు. పదకొండో రోజు పొద్దున తీగ లాగి చూశాం. రాత్రంతా వదిలేసినా కొలత కదల్లేదు. ఆ రోజు ఇంట్లో కోడి కోశాం.

అంతటితో అయిపోలేదు. వంకర ఛాసీకి సరిపోయేట్టు చేసిన తలుపు, ఎడమ మడ్‌గార్డు ఇప్పుడు తిన్నగా అయిన దానికి కుదరలేదు. రెండూ కొత్త రేకుతో చేయాల్సి వచ్చింది. ఆమె చేతికి సుత్తి బరువైంది. ఇసుక సంచి మీద రేకు పెట్టి నేను కొట్టేదాన్ని, ఆమె గుడ్డ పరిచి తడిమేది. "ఈడ. ఇంకా ఈడ. శాన కొడతాండావు, మెల్లగ." మూడు మడ్‌గార్డులు పారేశాను. నాలుగోదాన్ని ఈ అంచు నుంచి ఆ అంచుకు తడిమింది. చేయి తీసేసి టీ తెమ్మంది.

డాక్టరమ్మ వాళ్ల నాయనను మహానందికి తీసుకుపోయింది. దారంతా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడట. ఆ తర్వాత రెండేళ్లు మా అత్త నేల మీదికి దిగలేకపోయింది. స్టూలు మీద కూర్చుని, నేను కింద నుంచి చెప్పే కొలతలు వినేది. ఒక్కోసారి, "తప్పు చెప్తాండావు, మళ్లీ సూడు" అనేది. చూస్తే తప్పే ఉండేది.

మట్టి చేసిన మూడో రోజు మా ఆయన, షెడ్డు కొన్నాళ్లు మూసేద్దామా అన్నాడు. వద్దన్నాను. ఆ జీపు ఇచ్చేశాం. ఇప్పుడు ఇంకోటి స్టాండ్ల మీద ఉంది. దాని కర్ణాలు కూడా కలవడం లేదు. కలుస్తాయి.

ఆమెను తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది, డాక్టరమ్మకు ఇచ్చే ముందు ఆ కారును నడిపి చూసిన పొద్దు. బాగు చేసిన బండి ఎప్పుడూ ఎక్కని మనిషి ఆ రోజు వచ్చి నా పక్క సీట్లో కూర్చుంది. చాగలమర్రి వైపు శనగ చేల మధ్య, ముందూ వెనకా ఎవరూ లేని దారి.

"సేతులు వదులు" అంది.

"అత్తా!"

"వదలమంటాండా."

స్టీరింగు మీద నుంచి రెండు చేతులూ పైకెత్తాను. కారు ఎడమకు పోలేదు, కుడికి పోలేదు. గాలికి ఆమె కొంగు ఎగిరి కారు వెనక బారెడు పొడుగున ఆడుతోంది. ఆమె దాన్ని లాక్కోలేదు. సీటు అంచున ముందుకు వంగి, రోడ్డు వైపు చూస్తూ, ఎంత దూరం తిన్నగా పోతోందో నోట్లో లెక్కపెట్టుకుంటోంది.